మన వింగ్ కమాండర్ సార్ గురించి ఎవరికి ఏం గుర్తుంటే అది రాయండి

సాగర్_రోడ్డు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. మర్రిగూడ వైపు మన సార్ పోయిన నెల చనిపోయారని చాలామందికి తెలిసే ఉంటుంది. కెప్టెన్ సాబ్ అంటే మాల్ నుంచి దేవరకొండ దాకా తెలియని వాళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళు ఎయిర్‌ఫోర్స్, ఆ తర్వాత ప్రైవేట్ విమానాల్లో పైలట్, 2008లో రిటైరై ఊరికొచ్చి బత్తాయి తోట పెట్టుకున్నారు. హైస్కూల్ గోడ మీద ఆయన బొమ్మ వేయించి, కింద నాలుగు వాక్యాలు రాయించాలని పాత విద్యార్థులం చందాలు పోగుచేశాం. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాల దగ్గరే బండి ఆగింది. ఒకరు ఢాకా మీద బాంబులు వేసిండంటారు, ఇంకొకరు మిగ్ నడిపిండంటారు. తెలిసినవాళ్ళు రాయండి. ఇంటివాళ్ళు మాత్రం ఆయన పేరు, ఊరి పేరు ఇక్కడ పెట్టొద్దని కోరారు, దయచేసి అందరూ పాటించండి.

దేవరకొండ_ఖిల్లా:
బాంబులు వేసింది పక్కా అన్నా, మా మామ చిన్నప్పటి నుంచి చెప్తున్నాడు. ఫైటర్ విమానం బొమ్మ పెద్దగా వేయించండి, కింద '1971 యుద్ధవీరుడు' అని రాస్తే చాలు. పిల్లలకు హుషారొస్తది. ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు.

సార్జెంట్_రిటైర్డ్:
మీ మామ మాట సరికాదు తమ్మీ. నేనూ ఎయిర్‌ఫోర్స్‌లో చేసి సార్జెంట్‌గా బయటికొచ్చినవాణ్ణే, సార్‌తో కూర్చుని గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. ఆయన ఫైటర్ పైలట్ కాదు, ట్రాన్స్‌పోర్ట్ పైలట్. నడిపింది ప్యాకెట్, అంటే ఫెయిర్‌చైల్డ్ సి-119. అమెరికావాళ్ళు తయారుచేసిన పాత సరుకు విమానం, వెనక రెండు తోకలుంటాయి, మధ్యలో తలుపులు తీస్తే జీపు ఎక్కించొచ్చు. లడఖ్ ఎత్తుకు దాని రెండు ఇంజిన్ల బలం చాలదని మనవాళ్ళు నెత్తిన ఇంకో చిన్న జెట్ ఇంజిన్ బిగించారు. లేహ్ ఎయిర్‌ఫీల్డే పదివేల అడుగుల పైన ఉంటుంది. అక్కడ గాలి పలచన, పొద్దెక్కేకొద్దీ ఇంకా పలచనై, మధ్యాహ్నానికి ఈదురుగాలి లేస్తుంది. అందుకే తెల్లవారుజామున పోయి పొద్దెక్కకముందే తిరిగి రావాలి. మోసిందేంటి? బియ్యం, కిరోసిన్, సిమెంటు, మందులు, సెలవు మీద ఇంటికొచ్చే జవాన్లు. ఒక్కోసారి బతికున్న గొర్రెలు. ఆ వాసన వారం దాకా విమానంలోంచి పోయేది కాదని సార్ నవ్వేవారు.

బాంబుల మాట వదిలేయండి గానీ 1971 యుద్ధంలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్‌కు పోయిన మాట నిజం. 1971 డిసెంబర్ 11 సాయంత్రం 2 పారా బెటాలియన్ వాళ్ళను టాంగైల్ దగ్గర పారాచూట్లతో దింపారు. ఉత్తరం నుంచి ఢాకా వైపు వెనక్కి తగ్గుతున్న పాకిస్తాన్ సైన్యానికి దారి లేకుండా పూంగ్లీ వంతెన పట్టుకోవాలని. ఏఎన్-12, ప్యాకెట్, డకోటా రవాణా విమానాలు కలిసి పోయాయి. అందులో ఒక ప్యాకెట్‌లో సార్ కో-పైలట్. ఆఫీసర్‌గా కమిషన్ వచ్చి రెండేళ్ళు కూడా నిండని పిల్లగాడు అప్పుడు. ఐదు రోజులకు, 16వ తేదీన, ఢాకాలో లొంగుబాటు అయిపోయింది.

ఇంకోటి. బొమ్మ కింద ఉత్త కెప్టెన్ అని రాస్తే ఆర్మీ అనుకుంటారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆయన వింగ్ కమాండర్, విమానాల కంపెనీలో కెప్టెన్. రెండూ రాయండి.

దేవరకొండ_ఖిల్లా:
గొర్రెలు మోసిండని గోడ మీద రాస్తమా సార్ 😀 సరే, కోపం తెచ్చుకోకండి.

ఎన్జీ_కాలేజ్_1966:
ఈ చర్చ మా మనవడు చూపించాడు, వాడే టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను. మేమిద్దరం నల్గొండలో ఎన్జీ కాలేజీలో బీఎస్సీ, ప్రకాశం బజార్ దగ్గర ఒకే గదిలో ఉండి వండుకుని తిన్నవాళ్ళం. వాడు పుట్టింది పోలీస్ యాక్షన్ ఏడాది. రజాకార్ల గడబిడలో వాళ్ళమ్మ నిండు చూలాలుగా గుట్టల్లో దాక్కుందని, ఊరికి తిరిగొచ్చిన వారానికే వాడు పుట్టాడని చెప్పేది. స్కూల్లో పంతులు వేసిన పుట్టినతేదీ వేరే, అది మా తరంలో అందరికీ ఉన్నదే.

మర్రిగూడ నీళ్ళు తాగి పెరిగినవాడు కదా, పండ్ల మీద గోధుమరంగు చారలు. ఫ్లోరైడ్ అని అప్పుడు మాకేం తెలుసు, వేపపుల్ల సరిగా నమలడు అనుకునేవాళ్ళం. వాడి యూనిఫాం ఫోటోలు చూడండి, ఒక్కదాంట్లో కూడా నోరు తెరిచి నవ్వడు. ఎన్‌సీసీలో బాగా పైకొచ్చాడు, ఆ ధైర్యంతో ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్‌కు పోయాడు. పోయింది నా బూట్లు వేసుకునే. వాడి కాలికి వదులైతే ముందర పాత పంచె గుడ్డ కుక్కుకున్నాడు. అట్లా అయిదు రోజులు నడిచి, పరిగెత్తి, సెలక్ట్ అయి వచ్చాడు. బూట్లు మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు, మొదటి జీతంలో కొత్తవి కొనిచ్చాడు.

1969లో మేం జై తెలంగాణ అని రోడ్ల మీద ఉంటే, పరీక్షలన్నీ ఆగిపోయి ఉంటే, వాడు బీదర్‌లో హెచ్‌టీ-2 అనే శిక్షణ విమానం మీద నడపడం నేర్చుకుంటున్నాడు. బీదర్‌లో జొన్నరొట్టె ఊరంతా దొరుకుతుంది గానీ మెస్సులో పెట్టరని ఉత్తరం రాశాడు. ఆ ఏడాది ఊళ్ళో లేనందుకు వాడికి చాలాకాలం బాధ ఉండేది. మా దోస్తుల్లో కొందరు వాణ్ణి ఎత్తిపొడిచారు కూడా. 2014లో రాష్ట్రం వచ్చిన రోజు ఫోన్ చేసి, 'మీరు తెచ్చుకున్నారు పో' అన్నాడు. మీరు అన్నాడు, మనం అనలేదు. అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

పాలమూరు_పోరడు:
మాది నారాయణపేట దగ్గర. సార్ ఎవరో నాకు అప్పుడు తెలియదు, ఈ చర్చ చదివాకే అర్థమైంది ఆయనేనని. మా నాన్న ముంబైలో మేస్త్రీ, మాకు ముంబై అంటే బస్సే, రాత్రి ఎక్కితే తెల్లారి దిగుడు. చెల్లె పెళ్ళికి టైం లేదని మొదటిసారి విమానం ఎక్కాను, బేగంపేట రోజుల మాట. వాన దంచుతోంది. దిగుతున్నాం, చక్రాలు బయటికొచ్చిన చప్పుడు కూడా వినిపించింది, కింద లైట్లు కనబడుతున్నాయి, ఉన్నట్టుండి ఇంజిన్లు గట్టిగా మోగి విమానం మళ్ళీ పైకి లేచింది. నా పానం పోయింది అనుకోండి. కాసేపు తిరిగి ఇంకోసారి ప్రయత్నం, మళ్ళీ పైకే. తర్వాత మైకులో ఇంగ్లీషు, హిందీ అయినాక తెలుగులో, మన యాసలో, 'వాన తగ్గుతలేదు, బెంగళూరు పోతున్నం, భయపడకండి, ఆయిల్ సరిపోను ఉంది' అన్నారు. విమానంలో సగంమంది తిట్టడం మొదలుపెట్టారు, నాతో సహా. బెంగళూరులో దిగాక కెప్టెన్ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ సారీ చెప్తుంటే, నేను పెళ్ళి సంగతి చెప్పి గొడవపడ్డాను. ఆయన నెమ్మదిగా, 'ముహూర్తం ఎన్నింటికి?' అని అడిగి, కంపెనీ మనిషిని పిలిచి, వాన తగ్గాక పోయే మొదటి విమానంలో నాకు సీటు పెట్టించారు. తాళి కట్టేటప్పటికి అందుకోలేదు, భోజనాలకు అందుకున్నాను.

పోయేముందు ఆయన చెప్పిన లెక్క నాకు ఇంకా గుర్తుంది. గమ్యం చేరడానికి ఆయిల్, అక్కడ దిగలేకపోతే పక్క ఊరికి పోవడానికి ఆయిల్, దాని మీద ఇంకో 30 నిమిషాలు గాలిలో తిరగడానికి ఆయిల్, ఇంత ఉంటేనే బయలుదేరతాం, ఆ చివరి ముప్పై నిమిషాల ఆయిల్ ముట్టుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు అన్నారు. గోడ మీద ఇది రాయండి నన్నడిగితే.

చింతపల్లి_బత్తాయి:
అందరూ దేవుణ్ణి చేస్తున్నారు గనుక నేనొక మాట రాస్తా. సార్ తోట పక్క తోట మాది. మనిషి మహా కోపిష్టి. గెట్టు దగ్గర రెండు గజాల భూమికి మా బాపుతో ఏళ్ళ తరబడి పంచాయితీ. సర్వేయర్‌ను మూడుసార్లు తెప్పించాడు, ప్రతిసారీ గొలుసు తప్పు పట్టాడని వాదన. మోటరు వేయాలంటే స్టార్టర్ డబ్బా మీద ఒక కాగితం అతికించి ఉంటుంది, దాంట్లో ఉన్నట్టు ఒకటి తర్వాత ఒకటి చూడాలి: ఫేజులు మూడూ వచ్చాయా, వాల్వు తెరిచిందా, చెప్పులు కాళ్ళకున్నాయా, చేతులు పొడిగా ఉన్నాయా. జీతగాడు ఒకనాడు కాగితం చూడకుండా స్విచ్చేస్తే పనిలోంచి తీసేశాడు. మేం అంతా నవ్వుకున్నాం, ఇదేమన్నా విమానమా అని. రాత్రి కరెంటుకు తడికాళ్ళతో పోయి మా వైపు ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. ఆయన తోటలో ఒక్కరికీ షాక్ కొట్టలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆ జీతగాణ్ణి తర్వాత మేమే పెట్టుకున్నాం, వాడిప్పుడు మా డబ్బా మీద కూడా అదే కాగితం అతికించాడు. గెట్టు మాత్రం మాదే.

చందూరు_అమ్మాయి:
కోపం సంగతి నిజమే, నేనూ తిట్లు తిన్నాను 🙂 నేను ఇంటర్ ఎంపీసీ అయ్యాక డిఫెన్స్ పరీక్షలకు చదువుతున్నానని తెలిసి మా నాన్న సార్ దగ్గరికి తీసుకుపోయారు. లెక్కలు, కరెంట్ అఫైర్స్ అడుగుతారని గుండె దడదడలాడుతుంటే సార్ మొదట అన్న మాట 'నోరు తెరువు'. టార్చిలైటు వేసి పండ్లు లెక్కపెట్టారు! మెడికల్‌లో పండ్లకు పాయింట్లుంటాయని, ముందు పన్నుకు ఒకటి, దవడ పన్నుకు రెండు చొప్పున, కనీసం 14 ఉండాలని, పుచ్చినవి, కదిలేవి లెక్కలోకి రావని నాకు అప్పుడే తెలిసింది. మన మండలాల పిల్లలు రాతపరీక్ష పాసై అక్కడ ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటారు అని కోప్పడ్డారు, నా మీద కాదు, ఊరికే గాలి మీద. హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరు దగ్గరికి పంపారు. రెండు పండ్లు బాగుచేయించుకున్నాను.

స్కూల్లో రెండు డ్రమ్ములు పెట్టించి పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చే పద్ధతి, మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ టెక్నిక్, సార్ పిల్లలతో చేయించేవారు. పటిక ఎక్కువైతే నీళ్ళు వగరు, తక్కువైతే లాభం లేదు, అందుకని కొలత గ్లాసు మీద గీత గీసి పెట్టారు. భగీరథ నీళ్ళు వచ్చాక డ్రమ్ములు పక్కన పడ్డాయి. నాకు పైలట్ రాలేదు, గ్రౌండ్ డ్యూటీ వచ్చింది, ఎక్కడో చెప్పను, కానీ యూనిఫాంలో ఉన్నాను.

డిండి_నీళ్లు:
మా నాన్న జవాను, పోయి చాలా ఏళ్ళు. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుండేది, ఒకసారి ఆగిపోయింది. పెన్షన్ ఆర్డర్‌లో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, పుట్టినతేదీ ఇంకోలా. బ్యాంకుకు పోతే ఆఫీసుకంటారు, ఆఫీసుకు పోతే బ్యాంకంటారు. సార్ అమ్మను తన కారులో ఎక్కించుకుని నల్గొండ తీసుకుపోయారు. పొద్దంతా కౌంటర్ల దగ్గర నిలబడి, ఒక్కో కాగితానికి మూడు జిరాక్సులు, ప్రతిదాని మీద స్టాంపు వేయించి, తేదీ రాయించి తెచ్చారు. అమ్మ ఫైలు మీద నీలం సిరాతో వరుస నంబర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా నవంబర్ రాగానే ఊళ్ళో ఉన్న ముసలి ఫౌజీలందరికీ, వాళ్ళ భార్యలకూ ఫోన్ చేసి 'బతికున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారా' అని అడిగేవారు. మా అమ్మ విసుక్కునేది, ఇదేం అడుగుడు సారూ పొద్దున్నే అని. పోయిన నవంబర్‌లో కూడా ఫోనొచ్చింది.

సాగర్_రోడ్డు:
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. పాలమూరు తమ్ముడు చెప్పింది నాకు బాగా నచ్చింది. 'వెనక్కి తిరగడమే అసలైన ధైర్యం' అని పెద్ద అక్షరాల్లో రాయిస్తే ఎట్లా ఉంటుంది?

దేవరకొండ_ఖిల్లా:
బాగుంది అన్నా. దీనికే ఒక సంగతి గుర్తొచ్చింది. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో దుబాయ్ విమానం వానలో రన్‌వే దాటి కింద పడింది గదా, 21 మంది పోయారు, పైలట్లు ఇద్దరూ పోయారు. దాని కెప్టెన్ కూడా పాత ఎయిర్‌ఫోర్స్ ఆయనే. మరుసటి రోజు మేం నలుగురం సార్ దగ్గరికి పోయి ఎవరిది తప్పు అని అడిగాం. బయటికి పోండి అన్నట్టు చూసి, 'రిపోర్టు రానీ' అన్నారు. 2021లో రిపోర్టు వచ్చింది, విమానం సగం రన్‌వే అయిపోయాక నేలను తాకిందని, మళ్ళీ పైకి పోదామని కో-పైలట్ చెప్పినా దిగారని రాశారు. అప్పుడు పోయి అడిగితే, 'ఇరవై ఏళ్ళు బాగా చేసినవాడికి కూడా ఒక్క రాత్రి అట్లా అవుతుంది. పక్కన కూర్చున్న చిన్నవాడు అరిస్తే వినే అలవాటు ముందు నుంచీ ఉండాలి, ఆ నిమిషంలో రాదు' అన్నారు. ఆ కెప్టెన్ మీద ఒక్క మాట పడనీయలేదు.

లాగ్‌బుక్_బిడ్డ:
నేను ఆయన కూతురిని. ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను, రాయాలంటే చెయ్యి రాలేదు. అందరికీ దండాలు. గెట్టు గురించి రాసిన అన్నకు కూడా.

ఒక్క విషయం చెప్పాలి. 'వెనక్కి తిరగడమే ధైర్యం' అని మాత్రం రాయించకండి, బాపు ఒప్పుకోరు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ పోయిన ఏఎన్-12 ఒకటి, వాతావరణం బాగా లేక వెనక్కి తిరిగి, రోహ్‌తాంగ్ కనుమ దగ్గర మాయమైంది. అందులో 102 మంది. బాపు ఎయిర్‌ఫోర్స్‌లో చేరకముందు మాట అది, కానీ తర్వాత అదే చండీగఢ్ నుంచి అదే కొండల మీదుగా ఏళ్ళ తరబడి తిరిగారు. ప్రతిసారీ ఆ మంచు కింద వాళ్ళున్నారని తెలుసు. 2003లో శకలాలు దొరికాయి, 2024 సెప్టెంబర్‌లో ఇంకో నలుగురి శరీరాలు దొరికాయి. 56 ఏళ్ళ తర్వాత! ఆ పేపరు కటింగ్ ఆయన లాగ్‌బుక్కులో, అంటే పైలట్ నడిపిన ప్రతి ప్రయాణం రాసుకునే పుస్తకంలో, 1971 డిసెంబర్ పేజీ దగ్గర పెట్టి ఉంది. నేను అడిగాను, వాళ్ళు కూడా వెనక్కి తిరిగినవాళ్ళే కదా బాపూ అని. 'తిరిగితే బతుకుతామని ఎవరు చెప్పారు? ఎత్తు ఉన్నప్పుడు, ఆయిల్ ఉన్నప్పుడు, వెలుతురు ఉన్నప్పుడు తిరిగితే అవకాశం ఎక్కువ, అంతే' అన్నారు.

టాంగైల్ గురించి లాగ్‌బుక్కులో ఒక్క వరుసే ఉంది. తేదీ, విమానం రకం, సెకండ్ పైలట్ అని, 'పారా డ్రాప్', ఎన్ని గంటలు. దాని కింద వరుస కూడా అదే చేతిరాత, మామూలు సరుకు రవాణా. రెండిటికీ తేడా కనబడదు. నలభై దాటాక ప్రైవేట్ విమానాల్లో చేరడానికి ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణం పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి రాశారు, ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన బెంచీలో కూర్చుని. నేను అప్పుడు పదో తరగతి. ఇద్దరం ఒకే టేబుల్ మీద చదువుకునేవాళ్ళం, నాకంటే ఆయనకే టెన్షన్ ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవాళ్ళం, టాంగైల్ కంటే ఎక్కువ.

బోర్డు సంగతి మీ ఇష్టం. యుద్ధవీరుడు అనొద్దు, ఆయన కూడా ఉంటే అదే అనేవారు.

సార్జెంట్_రిటైర్డ్:
అమ్మా, లాగ్‌బుక్కులు జాగ్రత్త. చెదలు పట్టకుండా ఇనుప బీరువాలో పెట్టు. వీలైతే టాంగైల్ పేజీ ఫోటో తీసి స్కూలుకు ఇవ్వు, పిల్లలు అసలు లాగ్‌బుక్కు ఎట్లా ఉంటుందో చూస్తారు.

ఎన్జీ_కాలేజ్_1966:
బిడ్డా, ఆయన దగ్గర నా ఉత్తరాలు కూడా ఉంటే చూడు. 1969వి. దొరికితే కొరియర్ చెయ్యకు, మా మనవడు వచ్చి తీసుకుంటాడు.

సాగర్_రోడ్డు:
సరే, ఇట్లా ఖాయం చేస్తున్నాం, అభ్యంతరాలుంటే ఆదివారం లోపు చెప్పండి. 'వింగ్ కమాండర్ (రిటైర్డ్), కెప్టెన్. ఈ పాఠశాల విద్యార్థి. లడఖ్‌కు సరుకులు, సైనికులను చేరవేసిన ప్యాకెట్ విమాన పైలట్; 1971 టాంగైల్ పారా డ్రాప్‌లో పాల్గొన్నారు. తర్వాత 2008 దాకా ప్రయాణికుల విమానాలు నడిపారు.' పేరు గోడ మీద ఉంటుంది, ఇక్కడ పెట్టం. పక్కన సైన్యం, ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసర్లుగా చేరడానికి రాసే ఎన్‌డీఏ, ఏఎఫ్‌క్యాట్ పరీక్షల వివరాలు ఒక చిన్న బోర్డు. చందూరు చెల్లె, ఆ పండ్ల పాయింట్లు కూడా దాంట్లో రాయాలి, నువ్వే రాసి పంపు. పెయింటర్ మాత్రం ప్యాకెట్ అంటే ఏంటో తెలియదు, మిగ్ అయితే రేపే వేస్తా అంటున్నాడు.

సార్జెంట్_రిటైర్డ్:
ఫోటో వాట్సాప్ చేశాను. రెండు తోకలు, నెత్తిన చిన్న ఇంజిన్, ఈ రెండూ తప్పొద్దని చెప్పు. మిగ్ వేస్తే నేనే సున్నం కొట్టిస్తా.

చింతపల్లి_బత్తాయి:
పెయింట్ ఖర్చులో నా వాటా రెండు వేలు రాసుకోండి. గెట్టు పంచాయితీ మాత్రం వాళ్ళ అల్లుడితో నడుస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.